పని వెంట నడిచిన మాట: ఇంగ్లీషులో చేరిన తెలుగునేల పదాలు

(గిడుగు రామమూర్తి పంతులు స్మారకోపన్యాసం, ఆటోనగర్, విశాఖపట్నం)

గిడుగు రామమూర్తి పంతులు గారి పేరున జరిగే ఉపన్యాసం విశ్వవిద్యాలయంలోనో గ్రంథాలయంలోనో ఉండాలని చాలామంది అనుకుంటారు. ఆయన మాత్రం భాషను వెతుక్కుంటూ సవరల గూడేలకు వెళ్లిన మనిషి. పుస్తకాల్లో లేని భాషను మాట్లాడేవారి నోట విని నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్ని వివరించే గ్రంథాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును అచ్చులోకి తెచ్చారు. భాష ఎక్కడ పనిచేస్తూ ఉంటుందో అక్కడికి వెళ్లి వినాలన్నది ఆయన పద్ధతి. ఆ పద్ధతికి రేవుకూ ఉక్కు కర్మాగారానికీ చేరువలో ఉన్న ఈ ఆటోనగర్ కంటే తగిన చోటు ఉండదు. ఇంగ్లీషు ఇతర భాషల నుంచి తీసుకున్న మాటలు, వాటిలో తెలుగునేల నుంచి వెళ్లినవి నేటి విషయం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక మాట పొరుగు భాషలో చేరేది దాన్ని పలికేవారి భాష తియ్యనిదని కాదు, ప్రాచీనమని కాదు. పలికేవారి చేతిలో ఇతరులకు అవసరమైన పని ఉంది కాబట్టి చేరుతుంది. మాట పని వెంట నడుస్తుంది. ఈ సంగతి సాక్ష్యాలతో నిలబడితే, తెలుగు భవిష్యత్తు గురించి మనం పడే ఆందోళనలో కొంత అనవసరమనీ, పడవలసిన ఆందోళన మరొకటి ఉందనీ తేలుతుంది.

అరువుకు వెనుకాడని భాష ఇంగ్లీషు. 8వ శతాబ్ది చివరి నుంచి స్కాండినేవియా ఓడలవాళ్లు ఇంగ్లండు తీరాన దిగి స్థిరపడ్డారు. గుడ్డుకు ‘ఎగ్’, ఆకాశానికి ‘స్కై’ వాళ్ల దగ్గర నుంచి వచ్చినవే. ‘వాళ్లు’ అనే అర్థంలో ఇంగ్లీషువారు వాడే ‘దే’ అన్న సర్వనామం కూడా అలా వచ్చిందే. సర్వనామాలు ఏ భాషలోనూ అంత తేలికగా మారవు, అవి కూడా మారేంతగా ఇరుగుపొరుగు కలిసిపోయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక పాలన, న్యాయం, వంట, వస్త్రధారణ ఫ్రెంచి మాటలతో నిండిపోయాయి. మనం అచ్చమైన ఇంగ్లీషు అనుకుని వాడే కోర్టు, జడ్జి, జైలు ఫ్రెంచి నుంచి వచ్చినవే. రెండు మూడు వందల ఏళ్లపాటు రాజాస్థానంలో చోటులేని ఇంగ్లీషు ఆ వరదలో కొట్టుకుపోలేదు. పొలంలో, పశువుల కొట్టంలో, వంటింట్లో, కమ్మరి కొలిమి దగ్గర అది మాట్లాడే భాషగా నిలిచింది. వాక్యం కట్టే తీరు తనదే, మాటలు ఎవరివైనా సరే. ఆ తర్వాత ఓడలెక్కి ప్రపంచం మీదికి వెళ్లినప్పుడు అదే అలవాటుతో దొరికిన ప్రతి వస్తువునూ దాని పేరుతో సహా తీసుకుంది. మన తీరానికి వచ్చింది ఆ దశలోనే.

1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఈస్టిండియా కంపెనీ మనుషులు మచిలీపట్నం చేరి అక్కడ వర్తకస్థానం ఏర్పరుచుకున్నారు. తర్వాత నరసాపురం పక్కన మాధవాయపాలెంలోనూ, 17వ శతాబ్ది చివరి భాగంలో విశాఖపట్నంలోనూ, ఆ తర్వాత గోదావరి పాయ దగ్గర ఇంజరంలోనూ వారి కోఠీలు లేచాయి. అక్కడ వారికి రోజూ పని పడినవారిలో మొదటివారు సముద్రం తెలిసినవాళ్లు. కెరటాలు విరిగే ఈ తీరంలో పెద్ద ఓడ దగ్గరికి రాలేదు. స్థానిక పడవలవాళ్లు లేకపోతే సరుకు ఒడ్డుకు చేరేది కాదు. ఉత్తరాంధ్ర మత్స్యకారులు పడవను నడిపించే పెద్దను ఈనాటికీ ‘తండేలు’ అంటారు. ఇంగ్లీషు ఓడల మీద లస్కర్లకు, అంటే మామూలు నావికులకు పైన, వారి పెద్ద అయిన సారంగుకు కింద ఉండే చిన్న అధికారిని ‘టిండాల్’ అనేవారు. యూల్, బర్నెల్ కలిసి కూర్చి 1886లో అచ్చువేసిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఆ మాటకు మలయాళం రూపంతోపాటు తెలుగు ‘తండేలు’ను చూపించింది. పక్కనే ఉన్న లస్కరు, సారంగు పారసీ నుంచి వచ్చాయి. రేవులో సరుకు మోసేవారికి మనం వాడే ‘కలాసీ’ అరబ్బీ మూలం నుంచి హిందుస్తానీ మీదుగా ఇటు తెలుగులోకీ అటు ఇంగ్లీషులోకీ వెళ్లింది. ఒక ఓడమీద పనిచేసే పదిమంది పేర్లలో నాలుగు భాషలు కలిసి ఉండడం ఆ రోజుల్లో ఎవరికీ వింతగా తోచలేదు. పని ఎవరికి వచ్చో వారి మాట చెల్లింది.

ఒడ్డుకు చేరిన సరుకు దాచుకునే చోటు పేరు ఇంకా దూరం తిరిగింది. ఇంగ్లీషు ‘గోడౌన్’ మలయా భాషలోని ‘గుడాంగ్’ నుంచి వచ్చిందన్నది నిఘంటుకారుల సాధారణాభిప్రాయం. ఆ మలయా మాటకు మూలంగా వారు తెలుగు ‘గిడ్డంగి’ని, తమిళ ‘కిడంగు’ను చూపిస్తారు. ఇంగ్లీషు ఓడలకు ఎంతోముందే కోరమాండల్ వర్తకులు మలక్కాకూ జావాకూ బట్టలు తీసుకువెళ్లేవారు. సరుకుతోపాటు సరుకు దాచే కొట్టు పేరు కూడా దిగుమతి అయ్యిందనుకోవడం సహజం. అక్కడి నుంచి పోర్చుగీసువారి ద్వారా ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి ‘గోడౌన్’గా, హిందుస్తానీ నుంచి ‘గోదాము’గా మళ్లీ మన దగ్గరికి వచ్చింది. ఈ మూడు రూపాలూ నేడు తెలుగులో బతికే ఉన్నాయి, ఒకదాన్ని మరొకటి వెళ్లగొట్టలేదు. సముద్ర వర్తకంలో మాటకు సొంత ఊరు, పరాయి ఊరు అనే గీత ఎంత పలచనిదో చెప్పడానికి ఈ ఒక్క పదం చాలు.

రెండో గుంపు నేతగాళ్లది. ఉత్తర సర్కారుల్లో బట్టను పడుగు పోగుల లెక్కన, అంటే ‘పుంజాల’ లెక్కన కొలిచేవారు. పుంజాలు పెరిగితే నేత చిక్కబడుతుంది, ధర పెరుగుతుంది. కంపెనీ గుమాస్తాలకు ఈ లెక్క తెలియకపోతే బేరం కుదరదు, అందుకే ‘పంజమ్’ బట్ట అన్న మాట వారి దస్త్రాల్లోకీ, విశాఖపట్నం జిల్లా నేత గురించిన వారి వర్ణనల్లోకీ వెళ్లింది. ఇంకా దూరం వెళ్లినది మాధవాయపాలెం. ఆ ఊరి పేరు ఇంగ్లీషువారి నోట ‘మదపొల్లం’ అయ్యి, అక్కడ నేయించిన మెత్తని తెల్లని నూలుబట్టకు పేరుగా నిలిచింది. ఇంగ్లీషులోనే కాదు, ఫ్రెంచి, ఇటాలియన్, పోర్చుగీసు భాషల్లో కూడా ఆ మాట బట్టల కొట్లలో వాడుకయింది. గోదావరి ఒడ్డున ఉన్న ఒక పాలెం పేరు ఐరోపా దర్జీలకు తెలిసిందంటే అది ఏ కవి కీర్తించినందువల్లా కాదు. ఆ నేత వారికి అవసరమైంది.

మూడో గుంపు చెట్టుచేమలది, జీవాలది. గిడ్డంగుల్లో ధాన్యాన్ని తవ్వితీసే పందికొక్కును ఇంగ్లీషువారు ‘బాండికూట్’ అన్నారు. 1799లో జార్జ్ బాస్ అనే నావికుడు ఆస్ట్రేలియాలో కనిపించిన, కడుపుసంచి ఉన్న, ఎలుకజాతికి సంబంధం లేని వేరే జంతువుకు ఆ పేరు వాడాడు. నేడు ప్రపంచంలో ఎక్కువమంది బాండికూట్ అనగానే తలచుకునేది ఆ ఆస్ట్రేలియా జీవినే. రంగురంగుల పొన్నంకి పిట్ట పేరు మద్రాసు కోట నుంచి వెళ్లిన బొమ్మలతోపాటు 1713లో లండన్‌లో అచ్చయిన పక్షుల పుస్తకంలోకి ఎక్కింది. 1816లో వియ్యో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ‘పిట్ట’నే ఒక ప్రజాతికి పేరుగా పెట్టాడు. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఆ కుటుంబపు పక్షులన్నీ శాస్త్రంలో ‘పిట్ట’లే. సామర్లకోటలో ఉండి కోరమాండల్ మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, జ్వరానికి ఇక్కడివారు వాడే సోమిద చెట్టు బెరడును ఇంగ్లండువారి దృష్టికి తెచ్చాడు. ఆ చెట్టు ప్రజాతి శాస్త్రీయనామం నేటికీ ‘సోయ్‌మిడా’. చెట్టును గుర్తుపట్టే మనిషి, బెరడు గుణం తెలిసిన మనిషి, పిట్టను పట్టి తెచ్చిన మనిషి చెప్పిన పేర్లు ఇవి. పుస్తకంలో శాస్త్రవేత్త పేరుంది, మాట మాత్రం వారిది.

నాలుగోది ఈ నగరానికి అతి దగ్గరిది. 1794లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసఫ్ బ్యాంక్స్‌కు ఒక రకం ఉక్కు దిమ్మలు పంపించాడు. వాటిని పరీక్షించి జార్జ్ పియర్సన్ 1795లో ప్రకటించిన వ్యాసంతో ‘వూట్జ్’ అనే మాట ఇంగ్లీషు శాస్త్రంలో అడుగుపెట్టింది. ఇది ‘ఉక్కు’కు వచ్చిన తిప్పలు. ‘వూక్’ అని రాసినదాన్ని తప్పుగా చదవడంవల్ల చివరి అక్షరం మారిందని నిఘంటుకారులు భావిస్తారు. ఇనుమును కర్రతో, ఆకుతో కలిపి మట్టి మూసలో పెట్టి, మూతికి మట్టి మెత్తి, కొలిమిలో గంటలకొద్దీ కాచి, నెమ్మదిగా చల్లార్చి తీసే ఈ ఉక్కును దక్షిణ భారతమంతా తయారు చేసేవారు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం దీనికి పేరుపొందిన చోటు. పారసీక వర్తకులు అంత దూరం వచ్చి కొనుక్కువెళ్లేవారని 19వ శతాబ్ది తొలినాళ్లలో హెన్రీ వాయ్సీ రాశాడు. మైకేల్ ఫారడే విద్యుత్తు మీద చేసిన గొప్ప పరిశోధనలకు ముందు, 1819 నుంచి కొన్నేళ్లు, జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఈ ఉక్కు రహస్యం కనుక్కోవడానికే శ్రమపడ్డాడు. అప్పటికి ఆవిరియంత్రాలు నడుపుతున్న దేశం, మన కమ్మరి మూసలోని ఉక్కును అర్థం చేసుకోవడానికి తన గొప్ప శాస్త్రవేత్తను కూర్చోబెట్టింది.

ఈ నాలుగు గుంపుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. తండేలు, గిడ్డంగి, పుంజం, పందికొక్కు, పిట్ట, సోమిద, ఉక్కు. వీటిలో ప్రబంధాల నుంచి తీసిన మాట లేదు, ఆస్థానాల్లో పుట్టిన మాట లేదు. మన సాహిత్యానికి వెయ్యేళ్ల చరిత్ర ఉంది, దాన్ని ప్రాణప్రదంగా చూసుకోవలసిందే. అయినా ప్రపంచ నిఘంటువుల్లో తెలుగునేల పేరు నిలబెట్టింది పడవవాళ్లు, నేతగాళ్లు, కమ్మరులు, చెట్టూ పిట్టా ఎరిగినవాళ్లు. వారిలో చాలామందికి అక్షరం రాదు. వారి మాటలు లోకానికి అవసరమయ్యాయి, ఎందుకంటే వారి పని అవసరమైంది. నిఘంటుకారుడు సి.పి. బ్రౌన్‌కు ఇది తెలుసు. మహానిఘంటువులతో ఆగకుండా, కచేరీల్లో, బజారుల్లో నలిగే పరభాషా పదాలన్నిటినీ ఏరి 1854లో మిశ్రభాషా నిఘంటువును విడిగా ప్రకటించాడు. కలగాపులగం మాటలు భాషకు మచ్చ అనుకుని ఉంటే ఆ శ్రమ పడేవాడు కాదు.

దీనిమీద మొదటి ఆక్షేపణ న్యాయమైనదే. ఇవన్నీ నిజంగా తెలుగు మాటలేనా? ఉక్కు కన్నడంలోనూ ఉక్కే, ఇంగ్లీషు నిఘంటువులు ‘వూట్జ్’కు ఎక్కువగా కన్నడాన్నే మూలంగా చెబుతాయి. మలయాళంలో అది ‘ఉరుక్కు’. కరగడమనే అర్థమున్న ద్రావిడ ధాతువు నుంచి ఇవన్నీ పుట్టాయని భాషావేత్తల అభిప్రాయం. తండేలు పశ్చిమతీరంలోనూ ఉన్నాడు. గిడ్డంగి సంగతి ఇంకా చర్చలో ఉంది. కాటమరాన్ తమిళం, టేకు మలయాళం, వాటిమీద మనకు హక్కు లేదు. ఇదంతా ఒప్పుకోవాలి, లేనిపోని గొప్పలు భాషకు మేలు చేయవు. అయితే ఈ ఆక్షేపణ నా వాదాన్ని బలపరుస్తుందేగానీ తగ్గించదు. పనివాళ్ల మాటకు సరిహద్దులు తక్కువ. ఒకే కొలిమి విద్య కన్నడ, తెలుగు, తమిళ ఊళ్లలో సాగింది కాబట్టి ఒకే మాట ఆ ఊళ్లన్నిటిలో పలికింది. అందరిదీ అయిన మాట మనది కాకుండా పోదు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని నినదించినప్పుడు జనం ఏ పండితుడినీ అడగకుండా నోటికొచ్చిన మాట వాడారు. 32 మంది ప్రాణాలిచ్చిన ఆ ఉద్యమం, 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో వచ్చిన ప్రకటన, 1971లో పడిన పునాదిరాయి, అన్నిటి వెనుకా ఆ పాతమాటే ఉంది.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. ఇది ఇచ్చిపుచ్చుకోవడం కాదు, దోచుకోవడం. గెలిచినవాడు మన సరుకును, మన మాటను కలిపి పట్టుకుపోయాడు, అందులో మనం సంతోషించేది ఏముంది? ఇందులో కాదనలేని నిజం ఉంది. ‘లూట్’ అన్న ఇంగ్లీషు మాటే హిందుస్తానీది. మదపొల్లం కథ చివరికి ఏమయ్యింది? మరమగ్గాలు వచ్చాక ఆ పేరుతో అదే రకం బట్ట ఇంగ్లండు మిల్లుల్లో తయారై లోకమంతా అమ్ముడుపోయింది, గోదావరి ఒడ్డున మగ్గాలు పడుకున్నాయి. వూట్జ్ పేరు శాస్త్రగ్రంథాల్లో స్థిరపడిన శతాబ్దంలోనే దాన్ని పుట్టించిన కొలుములు ఆరిపోయాయి. మాట మిగిలింది, పని పోయింది. నిఘంటువులో మన మాట కనిపించడం ఆస్తి కాదు, ఒకప్పుడు సరుకు మన దగ్గర నుంచి వెళ్లిందని చెప్పే రసీదు మాత్రమే. రసీదు చూసుకుని మురిసిపోయేవాడు వ్యాపారం సాగించలేడు. ఈ ఆక్షేపణ చెప్పే నిజాన్ని నేను పూర్తిగా స్వీకరిస్తాను, దాని నుంచి తీసే ముగింపును మాత్రం కాదు. సామ్రాజ్యం ఉంటేనే మాటలు కదులుతాయనుకోవడం చరిత్ర ముందు నిలవదు.

ఇందుకు సాక్ష్యం ఈ ఆటోనగర్ బోర్డుల మీదే ఉంది. గ్యారేజి ఫ్రెంచి మాట. ఛాసీ ఫ్రెంచి మాట. పిస్టను ఫ్రెంచి ద్వారా ఇటలీ నుంచి వచ్చింది. ‘ఆటో’కు మూలమైన ఆటోమొబైల్ అన్న పదం గ్రీకు, లాటిను ముక్కలతో ఫ్రాన్స్‌లో కూర్చినది. 19వ శతాబ్ది చివర ఇంగ్లండు ప్రపంచంలో అతి పెద్ద సామ్రాజ్యం, ఫ్రాన్స్ దాన్ని ఏలడంలేదు. అయినా మోటారు బండ్ల విషయంలో ఇంగ్లీషు ఫ్రెంచి ముందు చెయ్యి చాచింది, ఎందుకంటే 1903 నాటికి కూడా ప్రపంచంలో ఎక్కువ కార్లు తయారుచేస్తున్నది ఫ్రాన్సే. ఇంకా దగ్గరి ఉదాహరణ జపాన్. 1945లో ఓడి, నగరాలు కాలి, పరాయి సైన్యం కింద ఉన్న దేశం అది. కొన్ని దశాబ్దాల్లో టయోటా కర్మాగారాల నుంచి ‘కాన్‌బాన్’ (చీటీలతో ఉత్పత్తిని నడిపే పద్ధతి), ‘కైజెన్’ (నిరంతర మెరుగుదల) అనే మాటలు ఇంగ్లీషులోకి ప్రవేశించాయి. 1986లో మసాకి ఇమాయ్ రాసిన పుస్తకం శీర్షికే ‘కైజెన్’. ఇప్పుడవి ప్రపంచమంతటా కర్మాగారాల గోడలమీద కనిపిస్తాయి. మరో సంగతి కూడా గమనించాలి. అదే జపాను భాష ఇంగ్లీషు నుంచి వేలకొద్దీ మాటలు తీసుకుంది. కారు స్టీరింగుకు వారు వాడేది ‘హాండిల్’ నుంచి మలచుకున్న మాట, ఇంజనుకు ‘ఎంజిన్’. తీసుకున్న భాషే ఇచ్చింది కూడా. పని చురుగ్గా సాగేచోట రెండు దారులూ తెరిచే ఉంటాయి.

ఇక మన ఆటోనగర్ మాటలు వినండి. కొలిమి, సుత్తి, పట్టకారు, ఆకురాయి, ఇరుసు మన పాత మాటలు. లారీ కింద బరువు మోసే కమాను కట్టలకు పేరిచ్చిన ‘కమాను’ పారసీలో విల్లు. పని నేర్పే మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చాడు. బేరింగు, గేరు, క్లచ్చు, లేతు, వెల్డింగు ఇంగ్లీషు ద్వారా వచ్చాయి. ఒకే షెడ్డులో తీర వర్తకపు నాలుగైదు శతాబ్దాలు కలిసి పనిచేస్తున్నాయి. ఈ మాటలు ఎలా వాడుకలో పడ్డాయో చూడండి. ఇంజను దించుతాం, గ్రీజు కొడతాం, బ్రేకు పట్టదు, పిస్టను పట్టేస్తుంది, బేరింగు అరుస్తుంది, గేరు జారుతుంది. నామవాచకం ఎక్కడిదైనా, జరిగిన తప్పు ఏమిటో చెప్పే క్రియ తెలుగుది. పట్టెయ్యడానికీ పట్టకపోవడానికీ, అరవడానికీ జారడానికీ ఉన్న తేడాలోనే మెకానిక్ విద్య అంతా ఉంది. ఇంగ్లీషు పందికొక్కును తీసుకుని తన బహువచన ప్రత్యయం తగిలించినట్టే, మనం బేరింగును తీసుకుని బేరింగులు, బేరింగుకి, బేరింగుతో అన్నాం. పేరు మారినంతలో భాష మారదు.

మూడో ఆక్షేపణ ఇక్కడ వస్తుంది. ఇంగ్లీషు మన నుంచి తీసుకున్నవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు, మనం తీసుకున్నవి లెక్కకు అందవు. ఇది మార్పిడి కాదు, ముంపు. బలవంతుడు అరువు తెచ్చుకుంటే సంపద, బలహీనుడు తెచ్చుకుంటే అప్పు అని వాదించేవారున్నారు. అసమానత ఉందన్నది వాస్తవం, దానికి కారణం కూడా పైన చెప్పిందే. గత రెండు శతాబ్దాల్లో యంత్రాలు అటు నుంచి ఇటు వచ్చాయి, పేర్లు వాటితో వచ్చాయి. పేర్లను ఆపితే యంత్రం తెలుగుది అయిపోదు. నా దృష్టిలో ముప్పు మాటల రాకలో లేదు, తెలుగు కొన్ని పనుల నుంచి పూర్తిగా తప్పుకోవడంలో ఉంది. మెకానిక్ ‘పిస్టను పట్టేసింది’ అన్నంతకాలం భాషకు హాని లేదు. అదే మెకానిక్ కొడుకు ఐటీఐలో చేరి, తండ్రికి చేతివేళ్లలో ఉన్న విషయాన్నే అర్థం కాని ఇంగ్లీషు వాక్యాల్లో బట్టీపట్టి, పరీక్ష రాసి, తండ్రికి తెలిసింది చదువే కాదని అనుకోవడం మొదలుపెడితే అప్పుడు నిజమైన నష్టం. మాట పోవడంకన్నా, మాట వెనుకనున్న తెలివికి విలువ పోవడం పెద్ద నష్టం. నార్మన్ల కాలంలో ఇంగ్లీషును కాపాడింది కోర్టు నుంచి ఫ్రెంచిని తరమడం కాదు, పొలాన్నీ కొలిమినీ ఇంగ్లీషు వదలకపోవడం.

మరి పారిభాషిక పదాలు సృష్టించుకుంటే సరిపోదా అని పెద్దలు కొందరు అడుగుతారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఆ దిశలో చేసిన కృషి గౌరవించదగినది, కళాశాల పుస్తకాలకు అది తప్పనిసరి. కర్మ, అవతారం లాంటి సంస్కృత పదాలు పండితుల ద్వారానే ఇంగ్లీషులో చేరాయి కదా, పుస్తకం ద్వారా కూడా మాట ప్రయాణిస్తుంది కదా అన్న ప్రశ్న కూడా సరైనదే. 1785లో విల్కిన్స్ భగవద్గీతను ఇంగ్లీషులోకి తెచ్చాక ఆ దారి వెడల్పయింది. అయితే పాండిత్యం కూడా పనే. తరతరాలుగా ఆ గ్రంథాలను చదివి, వివరించగలిగినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టే ఆ మాటలు అడిగి తీసుకున్నారు. పనితో సంబంధం లేకుండా గదిలో కూర్చుని కట్టిన మాటకే బతుకు కష్టం. వాడేవాడు ఒప్పుకోని పదం నిఘంటువులోనే ఉండిపోతుంది. పదం కట్టేవారు ముందుగా లేతు దగ్గర నిలబడి, అక్కడ ఇప్పటికే ఏమంటున్నారో వినాలి. గిడుగువారు పోరాడింది ఈ వినడం కోసమే.

కనుక చేయవలసినవి మూడు చెబుతాను. మొదటిది, ఆటోనగర్ మాటలను సేకరించాలి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ పదాలకు, 1971లో చేనేత పదాలకు మాండలిక వృత్తి పదకోశాలు తెచ్చింది. జిల్లా జిల్లా తిరిగి, నాగలి పట్టినవారిని, మగ్గం మీద కూర్చున్నవారిని అడిగి కూర్చిన పుస్తకాలవి. అదే శ్రద్ధ ఇప్పుడు ఈ నగరానికి కావాలి. 1933లో ఓడలకు తెరుచుకున్న ఈ రేవులో, 1948లో ‘జల ఉష’ను నీటిలోకి దించిన నౌకానిర్మాణశాలలో, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారంలో, ఈ షెడ్లలో దశాబ్దాలుగా కుదురుకున్న వేల మాటలు ఏ పుస్తకంలోనూ లేవు. రెండోది, ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు ఆ పదకోశాన్ని పాఠంలోకి తేవాలి. బేరింగును బేరింగనే పిలుద్దాం, అది ఎందుకు అరుస్తుందో తెలుగు వాక్యంలో చెబుదాం. పక్కనే ఇంగ్లీషు వాక్యం కూడా ఉండనివ్వండి, పిల్లలకు రెండూ కావాలి. మూడోది, ఇక్కడ ఎవరైనా కొత్త పరికరం, కొత్త పద్ధతి కనిపెట్టినప్పుడు దానికి తెలుగులో పేరు పెట్టడానికి సంకోచించకూడదు. టయోటావారు తమ పద్ధతికి ఇంగ్లీషు పేరు వెతుక్కుని ఉంటే ‘కాన్‌బాన్’ ప్రపంచానికి తెలిసేది కాదు.

ఇంగ్లీషు వూట్జ్‌ను తీసుకున్ననాడు మనల్ని ప్రేమించి తీసుకోలేదు, అది లేనిదే తెలుసుకోలేని విషయం మన కమ్మరి దగ్గర ఉంది కాబట్టి తీసుకుంది. అటువంటి విషయం మళ్లీ మన దగ్గర ఉంటే మళ్లీ అడుగుతారు, మన పేరుతోనే అడుగుతారు. ఆ రోజు రావాలంటే భాషాభిమానులు పరభాషా పదాల మీద కోపాన్ని తగ్గించుకుని, పనిచేసేవారి జ్ఞానం మీద గౌరవాన్ని పెంచుకోవాలి. ప్రభుత్వాలు తెలుగు దినోత్సవాల ఖర్చులో కొంత భాగం ఈ పదకోశాలకు కేటాయించాలి. విశ్వవిద్యాలయాల భాషాశాఖలు తమ విద్యార్థులను ఈ ఆటోనగర్‌కు పంపించాలి. ఇక్కడి మేస్త్రీలు వారికి గురువులుగా కూర్చోవాలి, ఆ గురుత్వానికి తగిన వేతనం, గుర్తింపు వారికి అందాలి. తెలుగును కాపాడే శక్తి తెలుగులో పని జరిగేచోటే ఉంది, దాన్ని బలపరచడమే ఈ తరం భాషోద్యమం కావాలని కోరుతున్నాను.